బాయికాడ భయం: మూడున్నర వేలల్లో హారర్ ట్రైలర్ ఎలా తీయాలి

కాలేజీ ప్రాజెక్టుకి హారర్ ట్రైలర్ తీద్దామనుకున్న ఏ బ్యాచ్ అయినా మొదట చేసే పని ఒకటే: తెల్లచీర కొంటారు. మేమూ కొన్నాం. నల్లగొండలో, బేరమాడి మరీ. ఆ చీర మీద ఇప్పుడు మా అమ్మ వడియాలు పెడుతోంది. దానికి దక్కిన అసలైన పాత్ర అదే.

మొదటిసారి తీసినప్పుడు అమావాస్య చూసుకుని, అర్ధరాత్రి పొలాల్లోకి వెళ్లి షూట్ చేశాం. ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా నల్లగా ఉంది, ఆ నలుపులో ఎర్రటి, పచ్చటి చుక్కలు ఈగల్లా ముసురుతున్నాయి. సౌండ్ అంటే గాలి హోరు ఒక్కటే. రెండోసారి మొత్తం తిరగేసి చేశాం. ముందు సౌండ్, తర్వాత కథ, చివరికి కెమెరా. మీరు కూడా ఇదే వరసలో వెళ్లండి.

ముందు చెవులు

కథ రాయకండి. రెండు సాయంత్రాలు ఫోన్ పట్టుకుని ఊళ్లో తిరగండి, వినబడినవన్నీ రికార్డ్ చేయండి. బొమ్మ చెడితే జనం నవ్వుతారు. సౌండ్ సరిగ్గా కుదిరితే బొమ్మ అంతంత మాత్రంగా ఉన్నా నవ్వరు.

ఏం వినాలి? మన దగ్గర వాటికి కరువు లేదు. నూనె చూసి ఏళ్లయిన బావి గిరక కిర్రుమనడం. ఎండు తాటాకులు ఒకదానికొకటి రాసుకోవడం, అచ్చం ఎవరో గుసగుసలాడినట్టే ఉంటుంది. పొద్దుగూకినంక నెమలి అరుపు: పగలు వింటే నెమలి, చీకట్లో వింటే ఎవరింట్లోనో పసిపిల్ల. ఎముక విరిగిన సౌండ్ కావాలా? ఎండిన జొన్న చొప్ప నాలుగు కట్టి, తడిగుడ్డలో చుట్టి, మైకు దగ్గర విరవండి. గుడ్డ లేకపోతే పుల్ల విరిగినట్టే ఉంటుంది, గుడ్డ చుడితేనే ఒంట్లో విరిగినట్టు వినబడుతుంది.

రికార్డ్ చేసేటప్పుడు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సౌండ్ వచ్చే చోటికి జానెడు దూరంలో మైకు ఉండాలి. బయట గాలి కొడితే మైకు మీద పాత కాటన్ సాక్సు తొడగండి, ఉతికిందే. ప్రతి చోటా చివర్లో ముప్పై సెకన్లు ఎవరూ ఉలక్కుండా పలక్కుండా నిలబడి, ఆ ఖాళీ సౌండ్ కూడా పట్టుకోండి. ఎడిటింగ్‌లో కోతల మధ్య అతుకులు కనబడకుండా చేసేది ఆ ఖాళీయే. ప్రతి రికార్డింగ్ మొదట్లో ‘గిరక, సాయంత్రం, మూడోది’ అని నోటితో చెప్పండి. లేకపోతే తర్వాత నలభై ఫైళ్లు ముందేసుకుని ఏది గిరకో ఏది గేటో తేల్చుకోలేక తల పట్టుకుంటారు.

మాకు కథ ఇలా తిరుగుతుండగానే దొరికింది. ఒక బాయికాడ కూర్చుని కప్పల అరుపులు రికార్డ్ చేస్తుంటే, వెనక నుంచి ‘టక్’ అని సౌండ్. నలుగురం ఒక్కసారి ఎగిరిపడ్డాం. ఏం కాదు, ఆటో స్టార్టర్. పోయిన కరెంట్ తిరిగొచ్చింది, డబ్బాలో కాంటాక్ట్ పడింది, ఆ వెనకే మోటార్ ‘గుఁ...’ మని అందుకుంది. రోజూ వినే సౌండే. కానీ ఆ చీకట్లో, ఆ డబ్బా దగ్గర మనిషి లేకుండా, ఏదో దానంతటదే లేచి పని మొదలుపెట్టినట్టు అనిపించింది.

కథ కాదు, ఒక్క ముడి

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సినిమా లేదు, ట్రైలర్ మాత్రమే తీస్తున్నాం. అయినా రెండు గంటల కథ రాసుకుని దాన్ని కుదించబోతారు. అక్కర్లేదు. ఒక మామూలు విషయం, అందులో ఒకే ఒక్క తేడా. అంతే చాలు.

మాది ఇది: ఎండిపోయిన బత్తాయి తోట. పదేళ్లుగా చుక్క నీరు లేని బోరు. రాత్రి రెండింటికి స్టార్టర్ టక్ మంటుంది, మోటార్ నడుస్తుంది.

దీన్ని నల్లగొండ జిల్లావాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. బోర్లు ఎండి బత్తాయి తోటలు నరికేసుకున్న ఇళ్లు మనకు తెలుసు. తెలంగాణ అంతటా వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంట్ 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకు ముందు వంతుల కరెంట్. రాత్రి వంతు పడితే తాతలు, నాన్నలు బ్యాటరీ లైటు పట్టుకుని అర్ధరాత్రి బాయికాడికి పోయేవారు. పాము కరిచో, షాక్ కొట్టో తిరిగి రానివాళ్లూ ఉన్నారు. మా కథలో తాత అలా వెళ్లినవాడే. కాబట్టి ట్రైలర్ మొత్తంలో ఉన్నది ఒకే మాట, చీకట్లోంచి వినబడే ముసలి గొంతు: ‘కరెంటొచ్చింది బిడ్డా.’ టైటిల్ కూడా అదే పెట్టాం, ‘కరెంటొచ్చింది’.

మీ ముడి పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి చాయ్ హోటల్ చాలు. సంగతి తెలియని ఫ్రెండ్‌కి రెండు వాక్యాల్లో చెప్పండి. ‘బాగుంది రా’ అంటే పక్కన పడేయండి. ‘మరి మోటార్ నడిస్తే పైపులోంచి ఏమొస్తది?’ అని అడిగాడంటే అదీ ముడి. జవాబు మాత్రం చెప్పకండి, ట్రైలర్‌లోనూ చూపించకండి. దయ్యాన్ని అసలే చూపించొద్దు. మన బడ్జెట్‌లో దయ్యం మేకప్ వేస్తే గణేశ్ నిమజ్జనం ఊరేగింపులో వేషగాడిలా తేలుతుంది.

కాగితం మీద 75 సెకన్లు

ట్రైలర్ 75 సెకన్లు పెట్టుకోండి. రెండున్నర నిమిషాలు లాగే సరుకు విద్యార్థుల దగ్గర ఉండదు, మా దగ్గరా లేదు. లెక్క ఇలా వేసుకున్నాం: మొదటి 20 సెకన్లు నెమ్మదిగా 4 షాట్లు, తర్వాతి 25 సెకన్లలో 8, ఆ తర్వాత ఊపిరాడనివ్వకుండా 15 సెకన్లలో 15. అప్పుడు 3 సెకన్లు నల్ల తెర, నిశ్శబ్దం. 4 సెకన్లు టైటిల్. చివరగా 8 సెకన్ల ఒకే షాట్. మొత్తం 28 షాట్లు.

ప్రతి షాట్‌కీ నోట్‌బుక్‌లో ఒక గీత గీసి, ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది రాయండి. కుడివైపు ఖాళీగా ఉన్న షాట్ తీయకండి. మా మొదటి పేజీ ఇలా ఉండేది:

1. ఎండిన బత్తాయి కొమ్మలు, వెనక మసక ఆకాశం. | గాలి, దూరంగా నెమలి.
2. తుప్పు పట్టిన స్టార్టర్ డబ్బా, మూతకి సాలెగూడు. | ఏమీ లేదు, ఖాళీ సౌండ్.
3. మంచం మీద మనవరాలు, కళ్లు తెరిచే ఉన్నాయి. | గోడ గడియారం.
4. అదే మొహం, అదే దూరం. | టక్.

నాలుగో షాట్ చూడండి. అందులో ఏమీ జరగదు. అమ్మాయి కదలదు కూడా. డబ్బాను మళ్లీ చూపించలేదు, సౌండ్ మాత్రం మొహం మీద పడుతుంది. రెండో షాట్‌లో డబ్బా చూసిన వాళ్లకి ఆ టక్ ఎక్కడిదో తెలుసు. భయపడే పని వాళ్లే చేసుకుంటారు.

చోటు, పర్మిషన్

హారర్ అనగానే మనవాళ్ల మనసు కోటల మీదికి పోతుంది. దేవరకొండ, రాచకొండ, కోయిల్‌కొండ... చూడ్డానికి బాగుంటాయి. కానీ రాత్రి పూట గుట్ట ఎక్కి దిగడానికే ఓపిక సరిపోతుంది, పైగా రక్షిత కట్టడాల్లో షూటింగ్‌కి సంబంధిత శాఖ అనుమతి ఉండాలి. అమ్రాబాద్ అడవి సంగతి మరిచిపోండి, అది పులుల అభయారణ్యం. మహబూబ్‌నగర్ వాళ్లకి పిల్లలమర్రి మీద కన్నుంటుంది. చెదలు పట్టిన ఆ చెట్టుకి 2018లో సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందెక్కించారు. ఊడల మధ్య సెలైన్ బాటిళ్లు! ఏ ఆర్ట్ డైరెక్టర్‌కీ తట్టని బొమ్మ అది. పగలు వెళ్లి చూసి రండి, షూటింగ్ మాత్రం అక్కడ పెట్టుకోకండి. ముసలి చెట్టు, దాన్ని వదిలేయాలి.

మీలో ఒకరి ఊరు, ఒకరి చుట్టాల పొలం చాలు. ఆ రైతు దగ్గరికి ముందు రోజు పగటిపూట, మీలో ఊరివాళ్లయిన వాళ్లు వెళ్లాలి. మేం వెళ్తే ఆయన అడిగిన మొదటి మాట: ‘రాత్రిపూట బాయికాడ మీకేం పని పిల్లలూ?’ సినిమా అని చెబితే నవ్వాడు. ‘దయ్యం సినిమానా? మరి మా బాయిల దయ్యమున్నదని ఊరంత చెప్తరా?’ సరదాగానే అన్నాడు గానీ అందులో నిజముంది. ఊరి పేరు, బోర్డు, ఇంటి నంబరు ఏదీ ఫ్రేములో పడనివ్వమని మాటిచ్చాం. మీరూ ఇవ్వండి. సర్పంచ్‌కి ఒక మాట చెప్పండి. కాలేజీ లెటర్‌తో పోలీస్ స్టేషన్‌లో తేదీ, టైమ్, ఎంతమంది అనేది రాసిచ్చి రండి. అర్ధరాత్రి పొలాల్లో లైట్లు కనబడితే ఊరు ముందు అనుకునేది దొంగలనే.

ఇక నిమ్మకాయల సంగతి. ఇది కాస్త వివరంగానే చెప్పాలి.

మొదటి ప్రయత్నంలో మూడు బాటలు కలిసే చోట ముగ్గు వేసి, నిమ్మకాయలు కోసి, కుంకుమ చల్లి, గుడ్డబొమ్మ పెట్టాం. షాట్ బాగా వచ్చిందనుకున్నాం. చాయ్ తాగి వచ్చి తీసేద్దామని వెళ్లాం, మాటల్లో పడి ఇంటికి పోయి పడుకున్నాం. తెల్లవారుజామున పాలు పిండడానికి పోయే ఒకామె అది చూసింది. పొద్దెక్కేసరికి ఊళ్లో ఎవరు చేశారనే చర్చ మొదలై, ఆ చివరింట్లో ఒంటరిగా ఉండే ఒక ముసలామె దగ్గరికి చేరింది. మాకు ఫోన్ వచ్చేసరికి పది దాటింది. పరిగెత్తుకుంటూ వెళ్లి, ఫోన్‌లో షాట్లు చూపిస్తూ ఇల్లిల్లూ తిరిగాం. ఆ ముసలామె ఏమీ అనలేదు. ‘అట్లనా బిడ్డా’ అని లోపలికి పోయి తలుపేసుకుంది. బాణామతి, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు తెలంగాణలో మనం పేపర్లో చదివినవే. మాకు అప్పటిదాకా అది వార్తే.

అందుకని రూల్ పెట్టుకోండి: నిమ్మకాయ, కుంకుమ, బొమ్మ, ఎముక బహిరంగ ప్రదేశంలో వద్దు. మరీ కావాలంటే ఇంటి పెరట్లో తీసి, ఆ క్షణమే ఎత్తేసి, నేల కడగండి. నిజానికి వాటి అవసరమూ లేదు. రెండో ట్రైలర్‌లో ఒక్క నిమ్మకాయ లేదు, స్టార్టర్ డబ్బా మాత్రమే ఉంది. అదే ఎక్కువ భయపెట్టింది.

ప్రాణం మీదికి తెచ్చుకోకండి

కరెంట్ ఉన్న స్టార్టర్ డబ్బా మూత తీయొద్దు, తాకొద్దు. షూట్‌కి కనెక్షన్ లేని పాత డబ్బా అడగండి, చాలా ఇళ్లలో మూలన పడి ఉంటుంది. సౌండ్ మాత్రం నడిచే డబ్బాది, రైతే ఆన్ చేస్తుంటే పక్కన నిలబడి రికార్డ్ చేసుకోండి. మన వ్యవసాయ బావులకి చాలావాటికి గోడ ఉండదు, చీకట్లో అంచు కనబడదు. బావి షాట్లన్నీ వెలుతురు ఉండగానే, పదడుగుల దూరంలో తీయండి. అందరూ బూట్లు వేసుకోవాలి. బ్యాటరీ లైటు పట్టుకుని ముందు నడిచేవాడికి వేరే పని చెప్పకండి.

చీకటి తీయాలంటే వెలుతురు కావాలి

ఫోన్ కెమెరాకి అమావాస్య, పౌర్ణమి రెండూ ఒకటే, రెండింట్లోనూ దానికి కళ్లు కనబడవు. బయటి షాట్లకి పొద్దుగూకినంక వచ్చే ఇరవై నిమిషాల మసక వెలుతురే మీ రాత్రి. ఎక్స్‌పోజర్ (బొమ్మలో పడే వెలుతురు) తగ్గించి, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) నీలం వైపు జరిపి, ఆకాశం తక్కువ పడేలా ఫ్రేము పెడితే చూసేవాళ్లకి అర్ధరాత్రే. రోజుకి ఇరవై నిమిషాలే కాబట్టి మూడు సాయంత్రాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో డిస్కషన్లు పెట్టుకోకండి. నాలుగింటికే వెళ్లి, ఎక్కడ నిలబడాలో రాళ్లు పెట్టి గుర్తు చేసుకుని, రిహార్సల్ చేసి సిద్ధంగా ఉండండి.

ఇంటి లోపలి షాట్లకి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి, ఎక్స్‌టెన్షన్ బాక్సు చాలు. బల్బు ఎప్పుడూ మనిషికి వెనకో, పక్కనో. ఎదురుగా పెడితే పాస్‌పోర్ట్ ఫొటో అవుతుంది. త్రీఫేజ్ వచ్చిందో లేదో తెలియడానికి స్టార్టర్ దగ్గర ఎరుపు, పసుపు, నీలం చిన్న లైట్లు పెడతారు కదా, దాన్నే వాడుకున్నాం: బల్బుకి కాస్త ఎడంగా ఎర్ర జిలటిన్ కాగితం పట్టుకుంటే అమ్మాయి మొహం మీద ఆ ఎర్రలైటు. ఊదు పొగ వేస్తే వెనక నుంచి లైటు కొట్టండి, అప్పుడే పొగ కనిపిస్తుంది. బయట వెనక లైటు కావాలంటే దూరంగా నిలబెట్టిన బండి హెడ్‌లైట్ సరిపోతుంది.

వీలైతే నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లండి, షూటింగ్‌కి కాదు, చూడ్డానికి. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా ఒకే చోట నీడ నిలుస్తుంది. నేరుగా పడే ఎండ నీడ కాదది. బయటి వెలుతురు స్తంభాల సందుల్లోంచి చెదిరి లోపలికి రావడంతో ఏర్పడేది. అక్కడ పావుగంట నిలబడితే, లైటు ఎక్కడుందో తెలియకుండా నీడ ఎలా వేయాలో అర్థమవుతుంది. మేం తర్వాత బల్బుని గోడవైపు తిప్పి, గోడ మీంచి తిరిగొచ్చే వెలుతురుతోనే సగం షాట్లు తీశాం.

ఫోన్ సెట్టింగుల్లో ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. మన కరెంట్ 50 హెర్ట్జ్. ట్యూబులైటు, చౌక ఎల్‌ఈడీ సెకనుకి వందసార్లు మినుకుతాయి. ఫోన్‌ని ఆటోలో వదిలేస్తే వీడియోలో చారలు పాకుతాయి. సెకనుకి 25 ఫ్రేములు, షటర్ సెకనులో 1/50 వంతు పెట్టండి, చారలు పోతాయి. ఐఎస్‌వో (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలనే అంకె) 800 దాటనివ్వకండి, దాటితే ఆ చుక్కల ఈగలు ముసురుతాయి. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయండి. ఇవన్నీ చేతితో మార్చుకునే వీలున్న ఉచిత యాప్‌లు ఉన్నాయి: ఓపెన్ కెమెరా, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా. మీ ఫోన్‌లో ఏది సరిగ్గా పనిచేస్తుందో ముందే చూసుకోండి.

నటన, డబ్బు

అరవొద్దని చెప్పండి. కళ్లు పెద్దవి చేయొద్దని చెప్పండి. ‘మీ నాన్న బండి సౌండ్ కోసం వింటున్నట్టు విను’ అంటే ఎవరైనా చేస్తారు. ముసలి గొంతు మాత్రం కుర్రాళ్లతో చెప్పించకండి, దొంగతనం తెలిసిపోతుంది. మా పక్కింటి తాత ‘కరెంటొచ్చింది బిడ్డా’ అని పదకొండుసార్లు చెప్పాడు. పన్నెండోసారి విసుగొచ్చి మెల్లగా అన్నాడు. అదే వాడాం.

ఖర్చు మాకు మొత్తం 3,500 అయింది, ఐదుగురం తలా 700. కాలర్ మైకు, చిన్న ట్రైపాడ్, బల్బులు, జిలటిన్ కాగితాలు, పెట్రోలు. మిగిలినదంతా తిండి. తిండి దగ్గర మాత్రం పీనాసితనం చేయకండి, ఆకలితో ఉన్న యూనిట్‌లో తొమ్మిదింటికి గొడవ మొదలవుతుంది.

ఎడిటింగ్

కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్, లేకపోతే ఫోన్‌లో మీకు అలవాటైనది. బొమ్మలు పేర్చడం తర్వాత. ముందు ఖాళీ టైమ్‌లైన్ మీద 75 సెకన్ల సౌండ్ ఒక్కటే వరసగా పెట్టండి. లైటార్పి వినండి. వినడానికే ఒళ్లు జలదరిస్తే, ఇక బొమ్మలు దాని మీద అతికించడమే.

పెద్ద సౌండ్ భయపెట్టదు, దాని ముందున్న నిశ్శబ్దం భయపెడుతుంది. టక్‌కి ముందు గాలి, గడియారం, నెమలి అన్నీ ఒక్కొక్కటిగా ఆపేసుకుంటూ రండి. చివరి రెండు సెకన్లు ఆ ఖాళీ సౌండ్ తప్ప ఏమీ ఉండకూడదు. ఇంకోటి: మోటార్ హోరు బాగా లోతు సౌండ్, ఫోన్ స్పీకర్లు దాన్ని పలికించలేవు. హెడ్‌ఫోన్‌లో విని మురిసిపోయాం, ఫోన్‌లో పెడితే మోటారే లేదు. దాని మీద గిరక కిర్రును సగం వాల్యూమ్‌లో కలిపాక నిలబడింది. సినిమా పాటలు, వేరే సినిమాల నేపథ్య సంగీతం ఎత్తుకొచ్చి పెట్టకండి. కాపీరైట్ గొడవ ఒకటి, పైగా ఆ సంగీతం వినగానే జనానికి మీ తోట కాదు, ఆ సినిమా గుర్తొస్తుంది.

చివరి ఎనిమిది సెకన్ల షాట్‌కి మా దగ్గర ప్లాన్ చేసింది వేరే ఉండె. తీసింది బాగా రాలేదు. బదులుగా బోరు కేసింగ్ పైపు మూతి మీద కెమెరా కదలకుండా పెట్టి, మోటార్ సౌండ్ కింద వేశాం. ఏడో సెకనులో పైపు అంచు మీద ఒక్క నీటి బొట్టు. సిరంజితో వేసింది. ఎండిన తోటని, తుప్పు పట్టిన డబ్బాని మొదట్లోనే చూపించాం కాబట్టి, ఆ బొట్టుకే హాల్లో ఎవరో ‘అమ్మో’ అన్నారు.

ఆ హాలుకి ఒక రోజు ముందే వెళ్లి, అక్కడి స్పీకర్లలో ఒకసారి పెట్టి చూడండి. మాకు బాస్ ఎక్కువై తాత మాట మునిగిపోయింది, రాత్రికి రాత్రే తగ్గించుకున్నాం. ఫైల్ ఎంపీ4గా, హెచ్.264లో తీసి, రెండు పెన్‌డ్రైవుల్లో వేర్వేరు జేబుల్లో పెట్టుకోండి. రైతు దగ్గర తెచ్చిన స్టార్టర్ డబ్బా మాత్రం షూట్ అయిన మర్నాడే, మూతకి మీరు అంటించిన సాలెగూడు తుడిచి, ఇచ్చేసి రండి.